పాటలేని కచేరీ

పక్కవాద్యం వాయించేవాళ్ళ చూపు కచేరీలో ఎక్కడుంటుందో మీరెప్పుడైనా గమనించేరా? సభ మీద ఉండదు. చేతిలో ఉన్న ఫిడేలు మీదా ఉండదు. పాడేవారి మూతి మీద ఉంటుంది. ఆ మూతి విచ్చుకునే తీరునిబట్టి రాబోయే స్వరం పైదో కిందిదో పోల్చుకోవాలి. వారు ఊపిరి తీసుకునే రెప్పపాటులో, వారు విడిచిన సంగతిని నేల పడకుండా అందుకోవాలి. మా అత్తగారు దీన్ని "పెళ్ళికొడుక్కి గొడుగు పట్టడం" అంటారు. పెళ్ళికొడుకు నడిస్తే గొడుగు నడవాలి, ఆగితే ఆగాలి. గొడుగు బాగుందని ఎవరైనా అంటే పట్టినవాళ్ళకి అదే బహుమానం.

ఇరవై రెండేళ్ళపాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేనీ గొడుగు పట్టేను. త్యాగరాజ ఉత్సవాలు, దేవీనవరాత్రులు, గుడి అరుగుల మీద హరికథలు, పెళ్ళిళ్ళలో ఎవరూ వినని సాయంకాలపు కచేరీలు, అన్నిటికీ వెళ్ళేను. అందులో చిన్నతనముందని ఎన్నడూ అనుకోలేదు. ఒకరి మనసులో పుట్టిన సంగతి వారి నోట్లోంచి వస్తూండగానే మన వేళ్ళలోకి దిగడం సామాన్యమైన సుఖం కాదు. పక్కవాద్యం వాయించినవాళ్ళకే తెలుస్తుందది.

కిందటి దసరాల్లో పైడితల్లమ్మవారి సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్ళినప్పుడు అక్కడి సంగీతసభవారొకరు కబురుపెట్టేరు. "సంక్రాంతి వెళ్ళేక మా ఉత్సవాల్లో ఒక సాయంత్రం మీరు సోలో వాయించాలమ్మా. గంటన్నర. మృదంగం, ఘటం మేం చూసుకుంటాం," అన్నారు. "పాడేవారెవరండీ?" అన్న మాట అలవాటుకొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. సోలోకి పాడేవారుండరు కదా! సరేనన్నాను. అన్న తరవాత, శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలు దిగేదాకా నోట మాట రాలేదు.

ఇంట్లో చెప్పగానే అత్తగారు, "పాటలేని కచేరీ ఏమిటమ్మా, కూరలేని భోజనంలాగ?" అన్నారు. మావారు గణితం చెప్పే మాస్టారు. ఆయన, "గంటన్నర అంటే తొంభై నిమిషాలు. కీర్తనకి పది చొప్పున తొమ్మిది కీర్తనలు. నీకొచ్చినవి రెండువందల పైచిలుకు. ఇంకా బెంగ దేనికి?" అని లెక్క తేల్చేశారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాని ఒక్క కీర్తనైనా ఎవరూ మొదలుపెట్టకుండా నా అంతట నేను మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆ లెక్కకి తెలియదు.

అత్తగారి ప్రశ్న మాత్రం పాతది. ఫిడేలు మన సంగీతంలోకి వచ్చి సుమారు రెండువందల ఏళ్ళు దాటింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర దాన్ని నేర్చుకుని మన రాగాలకి మలిచేరు. తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు కూడా దాన్ని చేపట్టేరు. దొరలు నిలబడి గడ్డంకింద పెట్టుకు వాయించేదాన్ని మనవాళ్ళు మఠం వేసుక్కూర్చుని, దాని తల కుడికాలి చీలమండ మీద ఆనించి వాయించడం మొదలుపెట్టేరు. తంతుల శ్రుతులు మార్చి షడ్జ పంచమాలు, మళ్ళీ షడ్జ పంచమాలుగా కట్టుకున్నారు. ఇంత చేసినా దాన్ని కూర్చోబెట్టింది మాత్రం పాట పక్కనే. పాట పక్కన ఫిడేలు లేకపోతే కచేరీ వెలితి. ఫిడేలు పక్కన పాట లేకపోతే అది కచేరీయే కాదని లోకం మాట.

ఆ మాటని మార్చినవారు మా విజయనగరంవారే కావడం నాకు గర్వమూ, భయమూ కూడాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారిని ఊరంతా "ఫిడేలు నాయుడుగారు" అనేవారు. 1893లో బెంగుళూరులో పుట్టినా వారిది కశింకోట కుటుంబం. చిన్నప్పటినుంచీ చూపు మందం. మొదటి పాఠాలు అన్నగారి దగ్గర. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుల్ని చేశారు. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్ళిన నాయుడుగారి వాద్యం విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికాయనకి ఇరవై ఆరో ఏడు. 1936లో నారాయణదాసుగారి తరవాత ఆయనే అధ్యక్షులయ్యేరు. 1938లో వెల్లూరులో మొదటి సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారు ఆయనకి సంగీత కళానిధి బిరుదిచ్చేరు. ప్రపంచమంతా మెచ్చిన యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాద్యం విని ముగ్ధుడయ్యేరు. 1964లో ఆయన పోయేరు.

ఈ సంవత్సరాలు కాగితం మీద రాసుకుని చూస్తే ఒక సంగతి తోచింది. ఆచార్యుడైన నాటికీ, ఒంటరిగా సభలో కూర్చున్న నాటికీ మధ్య పందొమ్మిదేళ్ళున్నాయి. అన్నాళ్ళూ పిల్లలకి పాఠం చెబుతూ, పెద్దల పక్కన వాయిస్తూనే ఉన్నారు. మావారు ఆ కాగితం చూసి, "1938లో నాయుడుగారికి నలభై అయిదు. నీకూ నలభై అయిదే!" అన్నారు సంతోషంగా. పోలిక అంతవరకేనని నేను చెప్పలేదు. ఆయనకీ తెలుసు.

మొదటివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కూర్చున్నాను. ఆ వేళకి కుక్కరు కూత ఉండదు, పక్కింటి టీవీ ఉండదు. కచేరీకి నడుమ కాంభోజి పెట్టుకున్నాను. త్యాగరాజస్వామివారి "ఓ రంగశాయీ". దానికి ముందు తీరుబడిగా పదిహేను నిమిషాలు రాగం వాయించాలని నిర్ణయం. కళ్ళు మూసుకుని వాయించేను. కాంభోజిలో నాకు తెలిసిన అందమల్లా వచ్చిందనిపించేక కళ్ళు తెరిచి గోడగడియారం చూస్తే నాలుగు నిమిషాలయింది!

జ్ఞానం తక్కువై కాదు. పాడేవారి పక్కన అదే కాంభోజి ఇరవై నిమిషాలు నడిపిన రోజులున్నాయి. వారొక ముక్క పాడితే దానికి నా జవాబు. ఆ జవాబు విని వారు ఇంకొకటి. దానికి మళ్ళీ నాది. ఇలా రాగం పెరిగేది. ఇప్పుడు నేనొక ముక్క వాయిస్తే దానికెదురుగా గోడ. ఇరవై రెండేళ్ళు జవాబు చెప్పిన చేతికి ప్రశ్న వెయ్యడం అలవాటు తప్పింది.

ఆ ఆదివారం రైలెక్కి, పొందూరు, చీపురుపల్లి దాటుకుని విజయనగరంలో మా మాస్టారి దగ్గరికి వెళ్ళేను. ఆయనకిప్పుడు ఎనభై దాటేయి. వేళ్ళు వణుకుతాయి కాబట్టి ఫిడేలు ముట్టరు. చెవి మాత్రం పూర్వంలాగే ఉంది. అయ్యకోనేరు గట్టు దగ్గర వారి పాత పెంకుటింటి వసారాలో కూర్చుని నా కాంభోజి నాలుగు నిమిషాలూ విన్నారు.

"బాగుంది. కాని నువ్వు వాయించలేదమ్మా, ఎవరో పాడుతూంటే పక్కన వాయించేవు. ఆ పాడేవాడొక్కడూ రాలేదు," అన్నారు.

"రాడు కద మాస్టారూ. సోలో కదా!"

"రావాలి. నువ్వే పాడాలి. ఫిడేలు పెట్టెలో పెట్టి నెల్లాళ్ళు పాడు."

"నా గొంతు మీకు తెలీదా?"

"నీ గొంతు జనమెందుకు వినాలీ? నీ చెయ్యి వింటే చాలు."

తరవాత ఆయన చెప్పిన పాఠం చిన్నపిల్లలకి చెప్పేదే. కీర్తనలో మాట ఎక్కడ పూర్తవుతుందో కమాను అక్కడే తిరగాలి. పక్కవాద్యంలో ఉన్నప్పుడు మాట గాయకుడి నోట్లో ఉంటుంది కాబట్టి మన కమాను ఎక్కడ తిరిగినా వినేవాళ్ళకి మాట విరగదు. ఒంటరిగా వాయించేటప్పుడు ఆ మాటల్ని మోసే బరువంతా కమానుది. "'మా ఇంటికి రండి' అనడానికి 'మాయిం' అని ఆగి, 'టికిరండి' అంటే పిలిచినట్టుంటుందా, తరిమినట్టుంటుందా? నాయుడుగారి రికార్డులు వినలేదూ? అందులో మాట లేదు. అయినా మాట వినిపిస్తుంది," అన్నారు.

ఆ పాత గ్రామఫోను రికార్డుల్లో ఒక్కో వైపు మూడు నిమిషాలకి కొంచెం అటూ ఇటూగా పడుతుంది, అంతే. ఆ మూడు నిమిషాల్లో తొందర ఎక్కడా వినపడదు. మాస్టారు చెప్పేక మళ్ళీ విన్నాను. రాగం సంగతి పక్కనపెట్టి కమాను ఎక్కడ తిరుగుతోందో మాత్రమే విన్నాను. అచ్చంగా మనిషి ఊపిరి తీసుకోవలసిన చోటే తిరుగుతోంది.

నెల్లాళ్ళు పాడేను. వంటింట్లో పాడేను, దండెం మీద బట్టలారేస్తూ పాడేను. మా అమ్మాయి కాలేజీనుంచి వచ్చి, "అమ్మా, ఎప్పుడు మొదలుపెడతావు ఫిడేలు?" అని దీనంగా అడిగేది. మా కుక్కరు కూత సరిగ్గా అయిదున్నర శ్రుతిలో ఉందని అప్పుడే కనిపెట్టేను.

రెండోనెల ఫిడేలు మళ్ళీ తీసేక నాకు పరీక్షాధికారిగా అత్తగారు దొరికేరు. ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. సరిగమలు తెలియవు. కాని భజనల్లోనూ, హరికథల్లోనూ విన్న కీర్తనలు మాటలతో సహా వందలు వచ్చు. మధ్యాహ్నం పూట బియ్యంలో రాళ్ళేరుకుంటూ నా ఎదురుగా కూర్చునేవారు. నేను వాయిస్తూంటే ఆవిడ పెదవులు వాటంతటవే మెదిలేవి. నేను చూడవలసిన మూతి మళ్ళీ ఒకటి దొరికిందన్నమాట! కాని ఈసారి వరస తిరగబడింది. నేను ముందు, ఆవిడ వెనక. ఆవిడ పెదవులు నడుస్తున్నంతసేపూ నా కమాను మాట పలుకుతున్నట్టు. ఆగేయంటే అక్కడేదో చెడ్డట్టు.

"ఇక్కడ మాట మింగేశావు," అనేవారు చేట మీంచి తలెత్తకుండా. వెనక్కి వెళ్ళి చూసుకుంటే అక్కడ కమాను సగంమాటలో తిరిగి ఉండేది. ఒక్కొక్క పంక్తికి కమాను ఎక్కడ కిందికి, ఎక్కడ పైకి అని ఆనవాళ్ళు పెట్టుకుని మొత్తం తొమ్మిది కీర్తనలూ తిరగరాసుకున్నాను.

"ఓ రంగశాయీ" దగ్గర మాత్రం చిక్కు పడింది. పెదవులు ఆగలేదు, మాట విరగలేదు; అయినా ఆవిడ ముఖంలో తృప్తి లేదు. మూడురోజులు అడగ్గా అడగ్గా చెప్పేరు. "అది పిలుపు కదమ్మా. ఎవర్నేనా పిలిచేక ఒక్కమాటు వాకిట్లోకి చూస్తాం, వచ్చేరేమో అని. నువ్వు పిలిచి, చూడకుండానే మళ్ళీ పనిలో పడిపోతున్నావు."

ఏ లక్షణగ్రంథంలోనూ ఈ మాట చదవలేదు. ఆ పిలుపు తరవాత కమాను తంతి మీదనే ఉంచి, ఎత్తకుండా, కదపకుండా ఒక్క క్షణం ఆగేను. తాళం లోపల నడుస్తూనే ఉంది. ఆ క్షణం ఎంతుండాలో తేల్చుకోడానికి పదిరోజులు పట్టింది. తక్కువైతే పిలుపు కాదు, ఎక్కువైతే మరిచిపోయినట్టుంటుంది.

శ్రుతి సంగతి ఇంకొకటి. ఇన్నాళ్ళూ శ్రుతి పాడేవారిది. మగవారైతే ఒకటికో ఒకటిన్నరకో దించడం, ఆడవారైతే అయిదుకో అయిదున్నరకో సర్దడం. బిరడాలు తిప్పి తిప్పి నా ఫిడేలుకి తన గొంతు ఏదో మరుపొచ్చి ఉంటుంది. ఇప్పుడెవరినీ అడగక్కర్లేదు. ఒకటినుంచి మెల్లిగా పెంచుకుంటూ వెళ్ళేను. రెండు శ్రుతి దగ్గర కొయ్యంతా ఒక్కసారి మోగింది. మంద్రపంచమం మీద కమాను పెడితే పొట్టలో తెలిసింది. ఈ ఫిడేలు మా నాన్నగారు కొనిపెట్టి ముప్పై రెండేళ్ళయింది. అది ఎక్కడ సుఖంగా పలుకుతుందో అడగడానికి ఇన్నాళ్ళకి తీరిక దొరికింది.

అమెరికాలో న్యూజెర్సీలో ఉన్న మా మరిదిగారి అమ్మాయికి పదిహేనేళ్ళు. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది. ఆ చలికాలంలోనే వాళ్ళ బడి ఆర్కెస్ట్రాతో మొజార్టు మూడో వయొలిన్ కన్చెర్టోలో మొదటిభాగం వాయించాలిట. ఆదివారం పొద్దున్న మాకు ఫోను చేసేసరికి వాళ్ళకి శనివారం రాత్రి. ఫోనుకి రెండువైపులా రెండు ఫిడేళ్ళూ, రెండు బెంగలూ.

కన్చెర్టో అంటే ఏమిటో దాని దగ్గరే వివరంగా తెలుసుకున్నాను. ఒక వాద్యం ఒకవైపు, ఆర్కెస్ట్రా అంతా ఒకవైపు. అందరూ ఒక కథే చెబుతారు. కాని ముఖ్యపాత్ర ఒక్కరిది. మొజార్టు ఈ మూడోది 1775లో, పందొమ్మిదేళ్ళ వయస్సులో రాశాడు. ముందు ఆర్కెస్ట్రావారే వాయిస్తూంటారు. సోలో వాయించవలసినవారు నిలబడి తమ వంతు వచ్చేదాకా వేచి ఉండాలి. 1806లో బీతోవెన్ రాసినదాంట్లో అయితే ఆ వేచి ఉండడం సుమారు మూడు నిమిషాలుట. "ఆ నిలబడ్డమే భయం పెద్దమ్మా, వాయించడం కాదు," అంది.

"నీకు కాగితముంది కదే. నాకదీ లేదు," అన్నాను.

"గంటన్నరా కాగితం లేకుండానా!" అని అది గుడ్లు తేలేసింది. తరవాత చెప్పింది: వాళ్ళకీ కాగితంలో లేని చోటు ఒకటుంది. కడెంజా అంటారు. అక్కడ ఆర్కెస్ట్రా అంతా ఆగిపోతుంది. సోలో వాయించేవారు ఒక్కరే, తాళం కట్టు కూడా లేకుండా, అప్పటిదాకా విన్న రాగాల్నే తమకి తోచినట్టు పెంచుకుంటూ పోతారు. చివర రెండు పక్కస్వరాల మీద వేలు చకచకా ఆడిస్తూ ఒక దీర్ఘస్వరం పట్టేరంటే, అది వినగానే ఆర్కెస్ట్రావారు వాద్యాలెత్తుకుంటారు. తని ఆవర్తనంలో మృదంగంవారు మొహరా ఎత్తుకోగానే మేం ఫిడేళ్ళు సర్దుకున్నట్టే అనిపించి నవ్వుకున్నాను. తన వయొలిన్ కన్చెర్టోలకి మొజార్టు రాసిన కడెంజాలేవీ మనదాకా రాలేదు. పూర్వం ఎవరికి వారే కల్పించుకునేవారు. ఇప్పుడు చాలామంది వెనకటి విద్వాంసులు రాసిపెట్టినవే వాయిస్తారు. దాని టీచరుగారూ అలాంటిదే ఒకటిచ్చేరు. ఇదేమో చివర్లో నాలుగు వరసలైనా తన సొంతం ఉండాలని పట్టుబట్టింది. కాని ఏం వాయించాలో తోచదు.

"ఫిడేలు కింద పెట్టి పాడు," అన్నాను.

"మాటల్లేవు కదా పెద్దమ్మా!"

"పెట్టుకో."

మర్నాటి ఆదివారానికి పెట్టుకుంది. మొజార్టు వరసకి "అమ్మా, ఆకలేస్తోందే, ఇడ్లీ లేదా" అని తెలుగు మాటలు కూర్చి ఫోనులో పాడి వినిపించింది. అత్తగారు పొట్ట చేత్తో పట్టుకు నవ్వేరు. కాని ఆ తరవాత అదే వరస వయొలిన్ మీద వాయిస్తే "ఆకలేస్తోందే" దగ్గర నిజంగానే గారాబం పలికింది. "ఇది పలికింది," అన్నారు అత్తగారు, నవ్వు ఆపి.

ఇంతలో రావలసిన మాటలు రానేవచ్చేయి. మా ప్రాంతంలో కచేరీలు చేసేవాళ్ళందరం ఒకళ్ళకొకళ్ళు తెలుసు. ఏళ్ళ తరబడి నేను పక్కన వాయించిన ఒక గాయకులు ఫోనులో, "ఇహ మీరు పెద్దవారైపోయేరు. మిమ్మల్ని పక్కన కూర్చోమనడానికి మాకు చెయ్యి రాదు," అన్నారు. మాట మర్యాదగానే ఉంది. ధనుర్మాసంలో ఏటా వచ్చే మూడు కచేరీలు ఈసారి రాలేదు. మధ్యతరగతి ఇంట్లో మూడు కచేరీలంటే మా అమ్మాయి హాస్టలు రుసుములో ఒక వాయిదా. ఒక్క సాయంత్రం సోలో కోసం ఏడాది పొడుగునా దొరికే పక్కవాద్యం పోతే ఎలాగ? రెండు రాత్రులు నిద్రపట్టలేదు. సభవారికి రానని చెప్పేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది.

మావారు ఈసారి లెక్క వెయ్యలేదు. "వాయించాలని ఉందా లేదా?" అని మాత్రం అడిగేరు. ఉందన్నాను. "అయితే వాయిదా సంగతి నేను చూస్తాను," అన్నారు. అంతకన్న పెద్ద మాటలు మా ఇంట్లో ఎవరూ ఆడరు.

కచేరీకి పదిరోజుల ముందు మృదంగం వాయించే అబ్బాయి మా ఇంటికి వచ్చేడు. నాకన్న ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. మొదటి వర్ణం సగంలో చెయ్యి ఆపి, "అమ్మా, ఒక మాట చెప్పొచ్చాండీ? మీరు మాటిమాటికీ నాకేసి చూస్తున్నారు. నేను మీకేసి చూడాలి గాని," అన్నాడు.

నిజమే. పాడేవారైతే చేత్తో తాళం వేస్తారు. అది చూసి అందరం నడుస్తాం. ఫిడేలు వాయించేవాళ్ళకి రెండు చేతులూ ఖాళీ ఉండవు. సోలోలో తాళం వాయించేవారి లోపల ఉండాలి. అది కమాను ఊపులో కనిపించాలి. దాన్ని చూసి మృదంగం నడవాలి. నేను అతని చేతికేసి చూస్తూంటే, అతను నా కమానుకేసి చూస్తూంటే, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు "మీరు ముందు, మీరు ముందు" అంటూ గుమ్మంలో నిలబడిపోయిన చుట్టాల్లాగున్నాం. ఆనాటినుంచి ఎదుటిగోడ మీది అరసవల్లి సూర్యనారాయణస్వామి పటం మీద చూపు నిలిపి వాయించేను. మూడోనాటికి కాలం కుదుటపడింది. విళంబంలో ఎంత ఆగినా నా వెనకనే ఉన్నాడు కుర్రవాడు.

మిగతావన్నీ చిన్న చిన్న సాధనలు. తొంభై నిమిషాలు మఠం విప్పకుండా కూర్చోవడం. చీలమండ మీద ఫిడేలు తల ఒత్తిన చోట కాయ కాస్తే దానికి కొబ్బరినూనె, ఎడమచేతి వేళ్ళు తంతి మీద జారడానికీ అదే కొబ్బరినూనె. సముద్రపు చెమ్మగాలికి కమాను వెంట్రుకలు సాగిపోతాయి కాబట్టి వాయించగానే మర వదులుచేసి పెట్టడం. చీర విషయంలో మాత్రం పెద్ద చర్చ జరిగింది. పట్టుచీర కట్టవలసిందేనని అత్తగారు. పట్టు మీద ఫిడేలు నిలవదు, జారుతుందని నేను. చివరికి పొందూరు ఖద్దరు కట్టేను. "నూలైతేనేం, పొందూరుది పట్టుకి తీసిపోదులే," అని ఆవిడే తీర్పు చెప్పేరు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి కచేరీ. హాల్లో నూటయాభై మందిదాకా ఉంటారు. ముందువరసలో ఒకవైపు మా మాస్టారు, రెండోవైపు మావారూ, అమ్మాయీ, మధ్య అత్తగారు. భైరవి వర్ణంతో మొదలుపెట్టేను. మొదటి అయిదు నిమిషాలూ చెవులో నా గుండెచప్పుడే మృదంగంకన్న ఎక్కువ వినిపించింది. హంసధ్వని వచ్చేసరికి అది సర్దుకుంది.

కాంభోజి రాగం ఎంతసేపు వాయించేనో నేను గడియారం చూడలేదు. పదిహేడు నిమిషాలని మావారు తరవాత చెప్పేరు. లోపల పాడుతూనే ఉన్నాను. ఒక ముక్క వాయించి ఆగితే, దానికెదురు ఏం రావాలో లోపలినుంచే వచ్చింది. కొత్త ముక్క వచ్చినప్పుడల్లా మృదంగం అబ్బాయి తల ఊపడం పక్కచూపుకి తెలిసింది.

కీర్తన ఎత్తుకున్నాను. పిలుపు వాయించి, కమాను తంతి మీదే ఉంచి ఆగేను. హాల్లో ఫాను చప్పుడు వినిపించింది. ఆ క్షణంలో ఎప్పుడూ చూడని సభకేసి చూశాను. ముందువరసలో అత్తగారు మెల్లిగా తల తిప్పి వాకిలికేసి చూస్తున్నారు.

మర్నాడు ఆదివారం న్యూజెర్సీనుంచి ఫోను వచ్చింది. దాని నాలుగు వరసల కడెంజా కూడా జరిగిపోయింది. చివరి దీర్ఘస్వరం కొంచెం ఎక్కువసేపు పట్టేనని, ఆర్కెస్ట్రావాళ్ళంతా తనకోసం వాద్యాలెత్తి పట్టుకుని చూస్తూంటే సరదా వేసిందని చెప్పింది. ఫిబ్రవరిలో బొబ్బిలినుంచి ఒక గాయని తన కచేరీకి పక్కవాద్యానికి రమ్మని పిలిచేరు. నా సోలోకి ఆవిడా వచ్చి వెనకవరసలో కూర్చున్నారుట. "మీరు వాయిస్తే నాకు మాటలు ఇంకాస్త తీరిగ్గా పాడబుద్ధి వేస్తుందనిపించింది," అన్నారు. శ్రుతి ఎంతండీ అని అడిగేను. అయిదున్నరట.